పేరు లేని అభ్యంతరం

వెబ్‌సైటు నడపడానికి కొత్తవాళ్ళకి ఏం కావాలని ఎవరైనా నన్నడిగితే, ముందు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోమంటాను. రాయడం, ఫోటోలు పెట్టడం తర్వాతి సంగతి. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు టీ తాగి వెళ్ళిపోయాడు.

మాది గజపతినగరం దగ్గర పాత మిషను చర్చి. నేను బళ్ళో లెక్కలు చెప్తాను. సంఘానికి వెబ్‌సైటు ఉండాలని పెద్దలకి ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది. విజయనగరం నుంచి ఒకతన్ని పిలిపించి చేయించారు. "కంప్యూటరు తెలిసింది నీకే కదమ్మా" అని నడిపే పని నా నెత్తిన పెట్టారు. అతను నాకు నేర్పింది ఎంతసేపనుకున్నారు? టీ చల్లారేంతసేపు! "ఏటీ లేదు మేడం, ఫోన్లో మెసేజి పెట్టినట్టే. ఇక్కడ రాయండి, అక్కడ నొక్కండి, అయిపోతాది" అన్నాడు. పేజీ అడుగున "మీ అభిప్రాయం రాయండి" అని ఒక పెట్టె కనిపిస్తే, ఇదేటని అడిగాను. "అది దానంతటదే వస్తాది మేడం, వదిలీయండి" అన్నాడు.

మాలో పెళ్ళి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదువుతారు. ఫలానావారి అమ్మాయికీ ఫలానావారి అబ్బాయికీ వివాహం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. చెప్పదలచుకున్నవాళ్ళు అందరి ముందూ లేచి నిలబడాలి. నాకు బుద్ధి తెలిశాక ఎవరూ లేవగా చూడలేదు. మా అక్క కూతురికి సాలూరులో లారీలున్నవాళ్ళ సంబంధం కుదిరింది. మొదటి ఆదివారం ప్రకటన చదివాక, దాన్నే సైటులో కూడా పెట్టమన్నాడు సంఘపెద్ద. ఆయన నాకు వరసకి మావయ్య. మురిసిపోతూ పెట్టాను, ఆ అభ్యంతరం మాటతో సహా. సరిగ్గా దాని కిందే ఆ పెట్టె!

మర్నాడు అందులో ఎవరో రాశారు. "ఈ అమ్మాయికి ఇదివరకు ఒక సంబంధం కుదిరి తప్పిపోయింది. ఎందుకు తప్పిందో కనుక్కోండి." పేరు రాయాల్సిన చోట ఒక చుక్క పెట్టారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకు తప్పిందో ఊళ్ళో తెలియనిదెవరికి? పిల్ల నర్సు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానెయ్యాలన్నారు ఆ పాత సంబంధంవాళ్ళు. మాననంది ఇది. అంతే. ఆ రాత తీసేద్దామని చూస్తే, నా లాగిన్‌కి వేసే హక్కే గాని తీసే హక్కు లేదట! అది సైటు చేసినతని దగ్గరే ఉంది. అతనేమో ఫోనెత్తడు. ఇంటికి తలుపులు బిగించినవాడు తాళంచెవి జేబులో వేసుకుని పోతే ఊరుకుంటామా?

మావయ్య దగ్గరికి పరుగెత్తాను. ఆయనేమన్నాడో వినండి.

"అభ్యంతరముంటే సెప్పమని మనవే అడిగినాం కదమ్మా. ఎవలో సెప్పినారు. కమిటీలో విసారించాల."

"పేరు లేనోడి మాటకి విసారణేటి మావయ్యా?"

"పేరు లేకపోతే ఏటి, రాత ఉన్నాది కదా!"

రెండో ఆదివారం ప్రకటన అయ్యాక కమిటీ కూర్చుంది! ఒక చుక్క రాసిన ముక్క కోసం పెద్దమనుషులందరూ మొహాలు గంటు పెట్టుకుని కూర్చున్నారు. మా అక్కని పిలిచి పాత సంబంధం సంగతి గుచ్చి గుచ్చి అడిగారు. మూడో ఆదివారం ప్రకటన చదవాలో వద్దో ఆలోచిస్తామన్నారు. సిగ్గుండక్కర్లేదూ! ఈలోగా ఆ పేజీ సాలూరు దాకా పాకిపోయింది. ఇంక ఈ పెళ్ళి అవదని అక్క మంచం పట్టింది. పిల్ల మాత్రం ఏడవలేదు. "సిన్నమ్మా, ప్రకటన సదవమను సాలు" అంది.

నేను వెళ్ళి పాస్టరుగారితో దెబ్బలాడాను. ఆయన మంచివాడు. కమిటీ మాట పక్కన పెట్టి మూడో ఆదివారం చదివాడు. ఆ రోజు పెళ్ళికొడుకు తండ్రి సాలూరు నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఎందుకొచ్చాడో, ఏమంటాడో! "ఎవరికైనా అభ్యంతరం ఉంటే..." అని పాస్టరుగారు అనగానే మా పిల్ల లేచి నిలబడింది. ఫోన్ తీసి ఆ రాతని పైకి చదివింది.

"ఇది రాసినోలు లెగండి. ఎందుకు తప్పిందో నేనే సెప్తాను. నా మొకం సూసి అడగండి."

ఒక్కరూ కదల్లేదు. మావయ్య నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు లేచాడు వెనక బెంచీలోని ఆ పెద్దమనిషి.

"అయ్యగారూ, మా లారీ ఎనకాల దుమ్ములో ఎవడో ఏటో గీస్తాడు. అలాగని బండి ఆపీస్తామేటి? పెళ్ళి పెళ్ళే. కూకో అమ్మా, నువ్వు ఉజ్జోగం మానక్కర్లేదు."

నేను అక్కడే బావురుమన్నాను. ఏం చేస్తాను, ఏడుపొచ్చింది.

సోమవారం బడికి సెలవు పెట్టి, విజయనగరంలో అతని కొట్టు ముందు నిలబడ్డాను. తీసే హక్కు నా పేరు మీద రాసిచ్చేదాకా కదలనన్నాను. ఇచ్చాడు. ఆ పెట్టె మూయడానికి ఏం చెయ్యాలో చూపించాడు. ఒక టిక్కు తీసెయ్యాలి. ఒక్క టిక్కు! దాని కోసమా మా అక్క మంచం పట్టింది!

"ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు అడగలేదు కదా మేడం."

"అడిగాను! వదిలీయండి అన్నది నువ్వు కాదూ?"

టిక్కు తీసేసి, రాతలు తుడిచేద్దామని పేజీ తెరిచాను. మొదటి దాని కింద కొత్తది ఇంకొకటి ఉంది. "అమ్మాయి ధైర్యానికి జోహార్లు." పేరు చోట మళ్ళీ చుక్కే. అంతమందిలో ఆ పిల్ల ఒక్కతే నిలబడ్డప్పుడు ఈ జోహార్లు ఏ బెంచీలో కూర్చున్నాయి? ముందు దాన్నే తీసేశాను.