ఆలూరు మిద్దెకు కట్టిన విలువ

1959. అప్పటికి నేను కర్నూలులో కట్టడాల పనులు చూసే ఓవర్సీరుగా పదకొండేళ్లు పనిచేశాను. ఇళ్లకు విలువ కట్టాల్సి వస్తే కోర్టు మాలాంటివాళ్లను కమిషనరుగా పంపేది. అంటే కోర్టు తరఫున వెళ్లి, చూసి, రిపోర్టు రాసే మనిషి. భాగపంపకాల ఇళ్లు చాలా కొలిచాను. విడాకుల కోసం కొలిచిన మొదటి ఇల్లు మాత్రం ఆలూరులోని ఒక మట్టి మిద్దె.

స్థలం సుంకమ్మకు ఆమె తండ్రి ఇచ్చింది. మిద్దె కట్టింది భర్త ఈరన్న. పన్నెండేళ్ల కాపురంలో పిల్లలు కలగలేదు. మళ్లీ పెళ్లి చేసుకోమని అతని తల్లి పట్టుబట్టింది. భార్య ఉండగా ఇంకో పెళ్లికి చట్టం ఒప్పుకోదు. ఈరన్న ఎటూ తేల్చుకోలేక పక్క వీధిలో తల్లి దగ్గరికి చేరి మూడేళ్లు దాటింది. చివరికి దావా వేసింది సుంకమ్మే. ఇల్లు ఆమె ఉంచుకుని, కట్టడం విలువలో సగం అతనికి ఇచ్చేట్టు ఒప్పుకున్నారు. ఆ విలువ తేల్చడం నా పని.

టేపుతో కొలతలు తీసుకున్నాక డిప్రిసియేషన్ చూడాలి. కట్టడం పాతబడినకొద్దీ విలువలో తగ్గించే తరుగు అది. ఏటా వానలకు ముందు కప్పు మీద చౌడు మట్టి పరిచి గట్టిపరచకపోతే మట్టి మిద్దె ఉరుస్తుంది, నీళ్లు లోపలికి కారతాయి. ఒంటరి ఆడమనిషి ఇల్లు కదా, పగుళ్లుంటాయనుకుంటూ నిచ్చెనెక్కాను. చౌడు నిన్నగాక మొన్న పరిచినట్టుంది. ఎక్కడా బీటలేదు.

దిగి, "ఎవరమ్మా పైన చౌడు వేసింది, కూలివాళ్లా?" అని అడిగాను.

"ఆయనే సామీ. ఏటా వానలకు ముందర వస్తాడు. బయటనే నిచ్చెనేసుకోని ఎక్కుతాడు, పని చేసి దిగి పోతాడు. ఇంట్లేకి రాడు."

"మీరు మాట్లాడరా?"

"చెంబుతో నీళ్లు అరుగు మీద పెడ్తా. తాగి చెంబు బోర్లిచ్చి పోతాడు. పైన ఆయన నడుస్తాంటే లోపల కూచోని ఇంటాంటా. ఆ పొద్దు అన్నం పోదు నాకు."

బస్సు కోసం నడుస్తుంటే ఈరన్న వెనకే వచ్చాడు. "మిద్దె పాతబడిందని రాయండి సామీ. అన్ని దుడ్లు ఆమె యాడ తెస్తాది?"

"నువ్వే బాగుచేసి, పాతబడిందని రాయమంటావేమప్పా?"

అతను తల వంచుకున్నాడు. "వానకు ఉరిస్తే ఒక్కతే శానా అగసాట్లు పడ్తాదని ఏసినా. దాంతో ధర పెరుగుతాదని నాకు తెల్దు."

ఉన్నది ఉన్నట్టే రాశాను. కప్పు బాగుండడంతో తరుగు తగ్గిందని, అందువల్ల ఆమె ఇవ్వాల్సింది పెరిగిందని, అభ్యంతరం ఉంటే చెప్పవచ్చని, రిపోర్టు ఇచ్చిన రోజు కోర్టుకు వచ్చిన సుంకమ్మకు వివరించాను.

"ఆయన చేసిన పని చేసినట్టే రాసినారు గదా, అంతే సాలు. నా కమ్మలమ్మి కడ్తా."

"ఇంత ఇష్టం ఉండి దావా ఎందుకు వేశావమ్మా?"

"ఆయన ఏయలేడు సామీ. వాళ్లమ్మ మాట కాదనలేడు, నన్ను పొమ్మనలేడు. ఎవురో ఒకరు తెంపల్ల గదా."

ఆ ఏడాదే విడాకులు మంజూరయ్యాయి. ఈరన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.

రెండేళ్ల తర్వాత వేరే పనిమీద ఆలూరు వెళ్తే, సుంకమ్మే పలకరించింది. "ఆయనకు కొడుకు పుట్టినాడు సామీ. అచ్చం ఆయన పోలికేనంట."

"చూశావా?"

"యాడ చూస్తా? ఎవురన్నా ఎత్తుకోని మా ఈది పక్క వస్తారేమోనని సాయంత్రం వాకిట్లో కూచోంటాండా."

ఆ కేసు తర్వాత, ఏ ఇంటికి వెళ్లినా టేపు తీసేముందు కాసేపు కూర్చుని మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. ఇద్దరు విడిపోతున్నారంటే ఒకరంటే ఒకరికి ఇష్టం లేకనేనని నేను అంతవరకు అనుకునేవాణ్ణి.