గూఢచారి కోటు, గొర్ల కాపరి భుజం

కోదాడ బస్టాండు దగ్గర నాకు బట్టలు కుట్టే దుకాణం ఉండేది. 2007 ప్రాంతంలో నా దగ్గరికి వచ్చే పని ఎక్కువగా బడి యూనిఫారాలు, రైతుల చొక్కాలు, పెళ్లిళ్ల రోజుల్లో ప్యాంట్లు. కోటు మాత్రం అప్పటిదాకా ఒక్కటీ కుట్టలేదు. బోర్డు మీద మాత్రం సూట్లు కూడా కుడతామని రాయించుకున్నాను.

ఆ బోర్డు చూసే ఒక పంతులు వచ్చాడు. మునగాల దగ్గర గొర్ల కాపరుల ఇంట్లో పుట్టి, చదువుకుని, ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడు. నెల రోజుల్లో పెళ్లి. సూర్యాపేటలో తెలుగు మాటలు పెట్టి ఆడిస్తున్న ఇంగ్లీషు గూఢచారి సినిమా చూశాడట. అందులో హీరో వేసుకున్న బూడిదరంగు సూటే కావాలన్నాడు.

"ఎట్లుంటది?" అని అడిగాను.

"మాటల్ల చెప్తే కాదన్నా, నువ్వు సూడాలె. ఆదివారం నాతోని రా."

ఇద్దరం పొద్దుటాటకు వెళ్లాం. కథ ఇప్పుడు నాకు ఒక్క ముక్క గుర్తులేదు. హాలంతా కార్ల వెంట కళ్లు పరిగెత్తిస్తుంటే నేను ఆ మనిషి చేతులే చూశాను. కోటు చెయ్యి దాటి చొక్కా అంచు అరంగుళం కనబడుతోంది. గుండీలు రెండే, అందులో పైదే పెట్టుకున్నాడు. ప్యాంటుకు నడుం దగ్గర మడతలు లేవు. మా వైపు అప్పుడు మూడేసి మడతలు లేకపోతే అది ప్యాంటే కాదు! అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. అతను పరిగెత్తినా, గోడ ఎక్కినా కోటు మెడ దగ్గర లేవలేదు. ఇంటర్వెల్‌లో టికెట్టు వెనక బొమ్మ గీసుకున్నాను.

"సమజైందా అన్నా?" అన్నాడు పంతులు, బయటికి వస్తూ.

"అయింది" అన్నాను. కాలేదు.

పది రోజుల్లో కుట్టి తొడిగించాను. నిలబడితే బాగానే ఉంది. అద్దంలో చూసి జుట్టు సవరించుకుందామని చెయ్యెత్తాడు, కోటంతా చేతితో పాటు పైకి లేచింది. రెండో చెయ్యి కూడా ఎత్తి నవ్వాడు.

"పోలీసులకు దొరికిపోయినట్టున్న గదన్నా!"

అతను నవ్వాడు కాబట్టి నాకు ఇంకా సిగ్గేసింది. చొక్కాకు కోసినట్టే చంక లోతుగా కోశాను. కోసిన గుడ్డ మళ్లీ అతకదు. ఎడమ భుజం దగ్గర ఎందుకో ఒక ముడత కూడా పడింది. "నాలుగు రోజులు ఆగు, మళ్ల చేస్త" అని చెప్పి పంపాను.

మిర్యాలగూడలో వకీళ్ల కోట్లు కుట్టిన ఒక ముసలి మాస్టరు ఉన్నాడని విని, మర్నాడే కోటు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఆయనకు చూపు మందగించి కుట్టడం మానేశాడు. లుంగీ కట్టుకుని ఇంటి ముందు నీడలో కూర్చున్నాడు. కోటు చేతికిస్తే కళ్లతో చూడలేదు, వేళ్లతో తడిమాడు.

"చంక కింద ఇంత జాగా ఎందుకు బేటా? పావురాలు పెంచుతవా?"

చంక పైకి ఉంటేనే చెయ్యి కదిలినా కోటు కదలదని, గుడ్డకూ లైనింగుకూ మధ్య వేసే కాన్వాసును ముందు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలని ఓపికగా చెప్పాడు. ఎడమ భుజం దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

"తొడుక్కునేటాయన ఏం పని జేస్తడు?"

"పంతులు. చిన్నప్పుడు గొర్లు కాసిండు."

"గొర్లు కాసినోడా! ఈ భుజం మీదనే మోసి ఉంటడు. రెండు భుజాలు కలిపి కొలిచినవు, వేర్వేరుగ కొలువు. సినిమాల ఆయన ఒళ్లు వేరే, ఈయన ఒళ్లు వేరే."

కోదాడకు తిరిగొచ్చి పంతుల్ని పిలిపించి కొలిచాను. ఎడమ భుజం వేలెడు కిందికి ఉంది. అతనికీ ఆ సంగతి తెలియదు. గుడ్డ మళ్లీ నేనే తెచ్చాను. ఆ బూడిదరంగు దొరకలేదు, కొంచెం ముదురు దొరికింది. "పర్వాలేదన్నా, సినిమాల కూడా ఒక్కో సీన్ల ఒక్కో తీరుగ కనబడ్డది" అన్నాడు. మిర్యాలగూడకు ఇంకో మూడుసార్లు తిరిగాను. ఎడమ వైపు దూది మెత్త ఒక పొర ఎక్కువ వేయించి, చంక కుట్టు రెండుసార్లు విప్పించి, అప్పుడు గాని మాస్టరు "ఇగ తీస్కపో" అనలేదు.

పెళ్లి పంతులు వాళ్ల ఊళ్లోనే, షామియానా కింద. తాళి పంచెలోనే కట్టాడు, సాయంత్రం విందుకు సూటు వేసుకుని వచ్చాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు. పంతులు తండ్రి గొంగడి చంకన పెట్టుకుని కొడుకు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత ఎడమ భుజం మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు.

"వీని భుజం వంకరుండె గదయ్యా, ఏడబోయింది?"

"కోట్ల దాసిపెట్టిన" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నడ్వలేని గొర్రె పిల్లల్ని వీని మీదనే ఎక్కిస్తుంటి. ఎనిమిదేండ్లు లేవు అప్పుడు. నేనే వంచిన" అన్నాడు. పంతులు ఆయన చెయ్యి పట్టుకుని, "నాకేం బరువు కాలేదు నాయినా, రా, ఫోటో దిగుదాం" అని తీసుకెళ్లాడు. ఆ ఫోటోలో గొంగడీ, కోటూ పక్కపక్కనే ఉన్నాయి.

ఆ విందులో చూసినవాళ్లే తర్వాత నా దగ్గరికి వచ్చారు. ఆత్మకూరు నుంచి ఒక ట్రాక్టరు డ్రైవరు, వేములపల్లి నుంచి ఒక రైసు మిల్లు గుమాస్తా. కొలత తీసుకునే ముందు ఏం పని చేస్తారని అడిగేవాణ్ణి. కొందరు అనుమానంగా చూసేవారు.

ఒక రంజానుకు ముందు మాస్టరుకు కోటు కుడతానన్నాను. బతుకంతా కోట్లు కుట్టిన మనిషి ఒక్కటీ తొడుక్కోలేదు. "ఈ ఎండల నాకు కోటు ఏంది బేటా, పరేషాన్ చెయ్యకు" అన్నాడు. అందుకని చేతుల్లేని పల్చటి సదరీ కుట్టి పండుగ రోజు తీసుకెళ్లాను. వేళ్లతో అంతా తడిమి, వీపు దగ్గర ఒక కుట్టు వదులైందని పట్టుకున్నాడు. విప్పి సరిచేస్తానంటే ఇవ్వలేదు. తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, లోపల ఉన్న భార్యను చాయ్ తెమ్మని కేకేశాడు.