కిర్రుమనాల్సిన రీలు

కేతేపల్లిలో దశరథను ఎవరు పలకరించినా తిరిగి కుశలం అడగడు. చేతిలో ఏముందో చూసి "ప్లాస్టికా, ఇనుమా?" అంటాడు. గాలం రీళ్లు, రిమోట్ కార్లు విప్పి నూనె పెట్టడం ఆయన సరదా. దేని నూనె దానికే. అత్తగారికి మోకాలి చిప్ప మార్చారని తెలిసి దవాఖానకు పరుగెత్తి, డాక్టరును అడిగిన మొదటి మాట కూడా అదే. భార్య రోజారమణి కోపంతో ఆ రోజంతా మాట్లాడలేదు.

"నోరు బిగుసుకపోయిందా రమణీ? జర గ్రీజు వెట్టాల్నా?" అన్నాడు.

అలాంటి మనిషి చేతికి గాలం రీలు ఇవ్వాలంటే, వరసకు వదినైన అండాలుకు భయం. ఆ రీలు ఆమె భర్త భిక్షంది. మూసీలో చేప పడిన రోజు భిక్షం గడప దగ్గర నిలబడి పిడి తిప్పేవాడు. కిర్ర్‌ర్! అది వినగానే లోపల అండాలు పులుసుకు చింతపండు నానేసేది. ఆయన పోయాక, తుప్పు పడుతుందేమోనని, ఆయన తలకు రాసే కొబ్బరినూనే రీలు నిండా పోసింది. చలికి పేరుకుని, దుమ్ము పట్టి జిగురై, రీలు మూగబోయింది. ఆ చప్పుడు ఒక్కసారి వినాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

భయం ఎందుకంటే, దశరథ చెయ్యి పడ్డది ఏదీ మళ్లీ చప్పుడు చెయ్యదు. రోజారమణి కుట్టుమిషన్ నడుస్తోందో ఆగిందో గుడ్డ చూసి తెలుసుకోవాలి. చప్పుడు ఉంచమని అడగడానికేమో అండాలుకు సిగ్గు.

చివరికి ఆ మాట చెప్పకుండానే రీలు తెచ్చి ఇచ్చింది. విప్పగానే దశరథ తల పట్టుకున్నాడు.

"ఏం పోసినవ్ వదినె?"

"కొబ్బరినూనె. మీ అన్నకు పడేది గదా."

"అన్న తలకు పడ్తది, చక్రానికి పడ్తదా?"

"కిరసనాయిల్‌తోని కడుగరాదు?"

"అమ్మో! పళ్లచక్రం ప్లాస్టిక్‌ది. పాడైతది."

సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాడు. ఇనుప ఇరుసుకు మిషన్ నూనె ఒక చుక్క. ప్లాస్టిక్ పళ్లకు సిలికాన్ గ్రీజు, అదీ కనబడని మూల కొంచెం రాసి, ప్లాస్టిక్ పాడవుతుందేమోనని రాత్రంతా ఆగి చూశాకే. పెళ్లి సంబంధానికి కూడా ఇంత ఆలోచించలేదని రోజారమణి సణిగింది.

మర్నాడు అండాలు పొయ్యి దగ్గరుంది. గడప దగ్గర కిర్ర్‌ర్ మంది. ఆమె ఏమీ ఆలోచించలేదు. చింతపండు గిన్నెలో వేసి నీళ్లు పోసింది. పోశాక గుర్తొచ్చింది, ఆయన లేడని. కళ్లు తుడుచుకుని బయటికొచ్చింది. గుమ్మంలో దశరథ పిడి తిప్పుతున్నాడు.

"దీనికి నూనె ఏయలేదా మరిదీ?"

"అన్నిటికి ఏసిన. చప్పుడు జేసే గీ రేకుకు మాత్రం ఏయలే. ఏస్తే మూగవోతది." దశరథ తల దించుకున్నాడు. "అన్న గిట్ల తిప్పుతుంటే ఎనక నిలవడేది నేనే గద, పులుసు కోసం."

అండాలుకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి.

"చింతపండు నానేసిన. చేపేది?"

దశరథ గతుక్కుమన్నాడు. "నాకు రీళ్లు విప్పుడే గని చేపలు పట్టుడు రాదు వదినె!"

"నాకేం తెల్వదు. మల్ల తిప్పినవంటే చేతిల చేప ఉండాలె. పో!"

రీలు చంకన పెట్టుకుని దశరథ మూసీ వైపు బయల్దేరాడు. ఆ పూటంతా అండాలు చెవులు గడప దగ్గరే ఉన్నాయి.