ఒక్క 'పెద్ద'కి ఎన్ని ఇంగ్లీషులు

రిటైరయినప్పటి నుంచి రోజూ పొద్దున్నే డైరీలో ఒక పేజీ ఇంగ్లీషులో రాసుకోవడం నా అలవాటు. కొత్తపేటలో మా వీధికంతా ఆ సంగతి తెలుసు. అందుకే మొన్న శుక్రవారం నేనింకా పెన్ను మూత తియ్యకముందే ఎదురింటావిడ కాగితం పట్టుకుని వచ్చింది. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళకు వంటలు చేస్తోందామె. దిండిలో ఒక రిసార్టు వాళ్ళకి పెద్ద వంటమనిషి కావాలట. దరఖాస్తు ఇంగ్లీషులో ఉండాలి, మధ్యాహ్నంలోగా వెళ్ళాలి.

"మా అమ్మాయి రాసిందండీ. ఓసారి చూసి పెట్టండి బాబాయిగారూ. ఇది వస్తే ఊరూరా తిరిగి పొగ మింగక్కర్లేదండి."

చదివాను. 'అయామ్ బిగ్ కుక్. ఐ కుక్డ్ ఫర్ లార్జ్ పీపుల్.' నవ్వు ఆపుకోలేకపోయాను.

"బిగ్ కుక్ అంటే మనిషి భారీగా ఉంటుందనుకుంటారమ్మా."

ఆమె తనవంక చూసుకుంది. "అదీ అబద్ధం కాదు కదండీ."

"మరి ఈ లార్జ్ పీపుల్ ఎవరు?"

"పెద్దమనుషులండీ. లావుపాటోళ్ళూ తిన్నారనుకోండి."

నాకు హుషారొచ్చేసింది. మనం ఒక్క 'పెద్ద'తో అన్నీ నెట్టుకొచ్చేస్తాం, వాళ్ళకి ఒక్కోదానికి ఒక్కో మాట. పెద్ద వంటమనిషి హెడ్ కుక్. పెద్దమనుషులు ఇంపార్టెంట్ పీపుల్. పెద్ద పెళ్ళికి బిగ్ అన్నా చెల్లుతుంది గానీ, కాగితం మీద లార్జ్ నిండుగా ఉంటుంది. ఒక్కోటీ కొట్టేసి రాస్తుంటే పరీక్ష రాస్తున్నంత ఉత్సాహం. చివరికి, పెద్ద వానలోనూ పొయ్యి ఆరనివ్వలేదన్న వాక్యం దగ్గర ఆగాను.

"బిగ్ రెయిన్ కాదు, హెవీ రెయిన్. ఉండు, రుజువు చూపిస్తాను" అని పాత డైరీ తీశాను.

తియ్యకుండా ఉండాల్సింది. నా దస్తూరీతోనే ఉంది: 'బిగ్ రెయిన్ టుడే.'

ఆమె కూడబలుక్కుని చదివింది. "మీకూ పెద్ద వానే పడిందాండీ?"

డైరీలో ఎన్నడూ కొట్టివేత ఎరగని నేను ఎర్రసిరాతో ఆ మాట దిద్దాను. పదకొండున్నరకి దరఖాస్తు పంపేశాం.

మంగళవారం వండి చూపించమని పిలిచారు. ఆ సాయంత్రం ఆమె బస్సు దిగి, సంచీతో సరాసరి మా అరుగెక్కింది.

"ఇచ్చేసేరండీ ఉద్యోగం. హెడ్ కుక్ అనే పిలిచేరండి."

వెంటనే డైరీ తెరిచాను. ఆమె పేజీలోకి తొంగి చూసింది.

"ఇది పెద్ద కబురు కదండీ. ఇప్పుడేం రాస్తారు, హెవీయా, లార్జా?"

"బిగ్ న్యూస్" అన్నాను.

"చూసేరా. మా అమ్మాయి మాటే నెగ్గింది."

"ఆయ్" అని ఒప్పుకుని, 'బిగ్ న్యూస్' అనే రాసుకున్నాను.