వాల్వులు తిప్పే మనిషి అనవసరం

డెబ్బైల నడుమ, బెజవాడకు బస్సులో గంట దూరంలో ఉన్న ఒక చిన్న మునిసిపాలిటీలో నేను గుమాస్తాను. ఆ ఏడు గ్రాంటు తగ్గింది, అనవసరమైన పోస్టులు తీసెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏది అనవసరమో తేల్చడానికి కమిషనరుగారు మూడు సమావేశాలు పెట్టారు. మూడింటికీ గారెలు తెప్పించారు. ఆయన గది బయట కూర్చునే ప్యూన్లిద్దరూ అత్యవసరమని మొదటి రోజే తేలిపోయింది. వీధివీధికీ మంచినీళ్ళు వదిలే మనిషి అనవసరమని మూడో రోజు తేలింది.

ఉత్తర్వు టైపు చేసింది నేనే. అతనికి యాభై దాటాయి. ఆదివారం తెల్లచొక్కాతో చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడు, మిగతా ఆరు రోజులూ మోకాళ్ళదాకా బురదలో ఉండేవాడు. కాగితం నాచేతే చదివించుకున్నాడు.

"అయితే రేపట్నించి రావద్దంటారాండి?"

"వద్దన్నారండి," అన్నాను, నాకేమీ సంబంధం లేనట్టు.

వాల్వులు తిప్పే ఇనపకడ్డీ నా బల్లకు ఆనించి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ కడ్డీ ఒక ప్యూనుకిచ్చి పంపారు. ఏ వాల్వు ఎక్కడుందో చూపే పటం ఆఫీసులో లేదు. ప్యూను కనిపించిందల్లా తిప్పాడు. కూరగాయల బజారు మునిగింది. కమిషనరుగారి వీధికి చుక్క రాలేదు. ఐదో రోజుకి ఆయన గడ్డం గీసుకోకుండా ఆఫీసుకొచ్చారు. ఆడవాళ్ళు బిందెలతో మెట్లమీద బైఠాయించారు.

ఆరో రోజు కమిషనరుగారు, నేను జీపులో అతనింటికి వెళ్ళాం.

"ఊరికోసం అడుగుతున్నానయ్యా. ఆ వాల్వులెక్కడున్నాయో మావాడికి చూపించు."

"అనవసరమని రాశారు కదండీ. అనవసరమైనవి గుర్తెందుకని మర్చిపోయానండీ."

లోపల అతని భార్య కిసుక్కున నవ్వింది. కమిషనరుగారు జీపు వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఉద్యోగం ఇస్తే?"

"కాగితమ్మీద ఇస్తే గుర్తొస్తాయేమోనండీ."

ఆ మధ్యాహ్నమే కొత్త ఉత్తర్వు టైపు చేశాను. రద్దయిన పోస్టు మళ్ళీ తెరిస్తే పరువు తక్కువ గనక, కొత్త పేరుతో కొత్త పోస్టు పుట్టించారు. పైకి మాత్రం రద్దు కాగితమే వెళ్ళింది. పొదుపు చేసినందుకు కమిషనరుగారికి మెచ్చుకోలు లేఖ కూడా వచ్చింది.

నాలుగేళ్ళకు అతను రిటైరయ్యాడు. ఆ ఆరు రోజుల ఖాళీవల్ల పాత సర్వీసంతా తెగిపోయిందట, పింఛను రాదన్నారు. అతను నా దగ్గరికొచ్చాడు.

"రాసింది మీరే కదండీ. పాత సర్వీసు కలుపుతూ ఒక్క ముక్క చేర్చలేకపోయారా?"

నాకప్పటికి ప్రమోషన్ వచ్చింది. దరఖాస్తు పెట్టుకోమని చెప్పాను.