రేకు అంచుకు రబ్బరు

బావ భుజం విరిగాక ఆయన కరెంటు పనిని అక్క అందుకుంది. అంతకుముందు బట్టలు కుట్టేది. ఈ పని చేతకాదనిపిస్తే మళ్లీ మిషనే తొక్కుకుంటానని ముందే చెప్పింది.

ఆ రోజు పక్కవీధి పిన్నిగారింట్లో ఏసీ వేస్తే బ్రేకర్ పడిపోతోంది. బావ కూడా వచ్చి, కుర్చీలో కూర్చున్నాడు.

"పెద్ద బ్రేకర్ వేసెయ్యమ్మా, పీడా పోతుంది" అన్నారు పిన్నిగారు.

"కాపలావాడు అరుస్తున్నాడని వాడి నోరు కుట్టేస్తామా పిన్నిగారూ? దొంగెక్కడున్నాడో చూడాలిగానీ" అంది అక్క.

అక్క ఏసీని ఫ్యాన్ మీద నడిపింది. బ్రేకర్ నిలబడింది. కూలింగ్ పెట్టాక, బయటి పెట్టె మొదలవుతూనే పడిపోయింది. మెయిన్ ఆపి, కరెంటు లేదని తన టెస్టర్‌తో చూసుకుని, ఆ పెట్టె మూత విప్పింది. అదురుకి ఒక వైరు రేకు అంచుకు ఒరుసుకుని, తొడుగు చిరిగి, లోపలి రాగి తీగ ఆ రేకుకు తగులుతోంది. వైరు మార్చి, అంచుకు రబ్బరు తొడిగింది. ఈసారి ఏసీ ఆగకుండా నడిచింది.

"రబ్బరు సంగతి నేను చెప్పలేదే" అన్నాడు బావ.

"అంచు కుట్టని గుడ్డ ఎన్నాళ్లుంటుంది?" అంది అక్క.

బావ ఎవర్నీ ముట్టుకోనివ్వని తన టెస్టర్‌ని జేబులోంచి తీసి అక్క సంచిలో వేశాడు.