ఎర్రబీడు మీద ఉప్పునీళ్లు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా పనిచేసినవాణ్ని. శ్మశానాల పక్కన స్తంభాలెక్కాను, వానల్లో ఊరవతల ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఒంటరిగా గడిపాను. తేలు కనపడింది, పాము కనపడింది, ఒకసారి వైరు దొంగ కూడా కనపడ్డాడు. దయ్యం మాత్రం కనపడలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. కానీ జహీరాబాద్‌లో మా అక్క విషయంలో జరిగింది మాత్రం నేను కళ్లారా చూశాను.

డెబ్బైల నాటి మాట. బావది మా జహీరాబాద్ పక్కనే ఉన్న కోహీర్. కాకినాడ రేవులో గుమాస్తా ఉద్యోగం వచ్చి, పెళ్లయిన కొత్తలోనే అక్కను తీసుకుని అక్కడికి వెళ్లిపోయాడు. అప్పటిదాకా మా రెండిళ్లలోనూ సముద్రం చూసినవాళ్లు లేరు. బావకు మాత్రం సముద్రం పిచ్చి పట్టింది. ఒక ఊరకుక్క పిల్లను తెచ్చి పెంచాడు. గోధుమరంగు, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. దానికి సరంగు అని పేరు పెట్టాడు. లాంచీ నడిపేవాణ్ని అక్కడ అలా అంటారట.

ఒక వేసవిలో నేను వెళ్లి వాళ్లింట్లో కొన్నాళ్లున్నాను. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఆదివారం వస్తే అక్క పులిహోర కట్టేది, సరంగును వెంటబెట్టుకుని ముగ్గురం ఉప్పాడ తీరానికి బయలుదేరేవాళ్లం. అది పీతల కోసం నల్లటి తడి ఇసుకంతా గోకిపోసేది. అల వెనక్కి పోతుంటే మొరుగుతూ తరిమేది, మళ్లీ అల ముందుకొస్తే తోక ముడిచి ఒకటే పరుగు. ఎంత దూరాన ఉన్నా బావ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేస్తే చాలు, వచ్చి కాళ్ల మీద పడేది. బావ నన్నూ నీళ్లలోకి లాగాడు. ఒక అల నన్ను బోర్లా పడేసి కడుపునిండా ఉప్పునీళ్లు తాగించింది.

“జర పైలం బావా, ఇది మన బాయి కాదు” అన్నాను.

“బాయిల ఈతొచ్చినోనికి ఏడైనా ఒకటే బామ్మర్దీ” అని నవ్వాడు.

మా దిక్కు ఈత నేర్చుకునేది బావుల్లోనే. బావిలో నీళ్లు మనిషిని ఎక్కడికీ తీసుకుపోవు. సముద్రం అలా కాదని బావకు తెలియదు, చెప్పినా వినే రకం కాదు. మరుసటి ఏడాది ఒక ఆదివారం, అక్క ఒడ్డున కూర్చుని చూస్తుండగానే లోపలికి ఈదుకుంటూ పోయి ఇక రాలేదు. జాలర్లు పడవలేసుకుని వెతికారు. శవం కూడా దొరకలేదు.

నాన్నా నేనూ వెళ్లి అక్కను తీసుకొచ్చాం. సరంగు లేనిదే కదలనంది. దాన్ని రైల్లో గార్డు పెట్టెలో వేసి తెచ్చాం.

ఇంటికొచ్చిందన్నమాటే గానీ అక్క మనసు మా మధ్య లేదు. బావ వాళ్ల అన్న కోహీర్ నుంచి వచ్చాడు. శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు, ఆ పని కానిద్దామన్నాడు. ఆయన చెడ్డగా ఏమీ అనలేదు పాపం, తమ్ముడికి ఋణం తీరాలని ఆయన బాధ. అక్క గడపలో నిలబడి ఒకటే అడిగింది.

“మనిషే దొరకలే. బొమ్మను ఎట్ల కాలుస్తరు? ఆయనొస్తే ఏం జెప్తరు?”

ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు. అక్క తిండి మానేసింది. బతిమాలితే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. దవాఖానలో రోగమేమీ లేదన్నారు. “పిల్ల గిట్లనే ఉంటె మనకు దక్కది రా” అని అమ్మ నా దగ్గర ఏడ్చేది. నాకూ అదే భయం.

అక్క బయటికి వచ్చేది ఒక్క సరంగు కోసమే. సాయంత్రాలు దాన్ని తీసుకుని మొగుడంపల్లి దిక్కు ఉన్న ఎర్రబీడుకు పోయేవాళ్లం. కాల్చిన ఇటుక రంగు నేల, మొరం రాళ్లు, అక్కడక్కడ తంగెడు పొదలు. గాలి మాత్రం కమ్మగా వీచేది. మొదటి రోజే సరంగు బీడు నడుమ టక్కున ఆగింది. ఆగి, ఒక గీత వెంట అటూ ఇటూ పరుగెత్తింది. ముందుకు దూకి మొరిగింది, తోక ముడిచి వెనక్కొచ్చింది. ఉప్పాడలో చేసినదే, అచ్చం అదే ఆట.

“దీనికి ఈడ కూడ సముద్రం కనవడుతున్నట్టుంది” అన్నాను. అక్క నవ్వింది. ఎన్ని నెలల తర్వాతో నవ్వింది. ఇంకేం కావాలి, రోజూ అక్కడికే పోయాం.

నాది అనుమానం బుద్ధి. కుక్క ఏదో వాసన పట్టి అక్కడ ఆగుతోందనుకున్నాను. అది తిరిగే గీత మీద రాళ్లు పేర్చాను. కొన్నాళ్లు ఆ రాళ్ల దగ్గరే ఆగింది. అమావాస్య ముందు వెనకల రాళ్లకు చాలా ఇవతలే ఆగిపోయింది, ఎంత లాగినా ముందుకు రాలేదు. తర్వాత మళ్లీ రాళ్ల దాకా పోయింది. అమావాస్యకు సముద్రం పోటెక్కి ముందుకొస్తుందని ఉప్పాడలో విన్నది అప్పుడు గుర్తొచ్చింది. అక్కకు చెప్పలేదు.

వానలు ఇంకా పడలేదు. నరింజ వాగులో చుక్క నీరు లేదు. ఒక రోజు ఎండ తగ్గకముందే పోయాం. సరంగు గీత దగ్గరికి పోయి మొరగలేదు, ఆడలేదు. నిలబడి వణకసాగింది.

అప్పుడు ఈల వినపడింది.

మేకలు కాసేవాళ్లేమోనని వెనక్కి తిరిగి చూశాను. కనుచూపు మేర ఎవరూ లేరు. మళ్లీ ఇటు తిరిగేసరికి అక్క ముందుకు నడిచిపోతోంది. వడివడిగా కాదు, కాళ్లకు ఏదో అడ్డుపడుతున్నట్టు, బరువుగా. సరంగు ఒక్క దూకులో పోయి ఆమె చీర కుచ్చిళ్లు పళ్లతో పట్టుకుంది. ఈల మళ్లీ వేశారు. కుక్క చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. ఒళ్లంతా అటే తిరిగింది, గొంతులోంచి ఏడుపు వస్తోంది. చీర మాత్రం వదల్లేదు. గోళ్లు మొరంలో గీసుకుపోతున్నాయి.

 నేను పరుగెత్తి అక్క చెయ్యి పట్టి బలమంతా పెట్టి ఇవతలికి లాగాను. ఇద్దరం నేల మీద పడ్డాం.

అక్క చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. నీళ్లు కారుతున్నాయి. కింద నేల పొడిగా, కాలుతూ ఉంది. ఆమె పాదాలకు నల్ల ఇసుక అంటుకుంది, మా దిక్కు అలాంటి ఇసుక ఉండదు. కొంగు పిండి నాలుకకు రాసుకున్నాను. ఒకసారి కడుపునిండా తాగినవాణ్ని, ఆ ఉప్పు రుచి నాకు తెలియనిది కాదు. ఇంట్లో అమ్మ ఆ చీర బకెట్లో ముంచి, చెయ్యి మూతికి తగిలితే నివ్వెరపోయింది. “ఏడ పడ్డరు బిడ్డా, గింత ఉప్పేంది?” అంది. 

ఆ రాత్రి అక్క తనే కంచం పెట్టుకుని తిన్నది. తెల్లారి నాన్నతో, “కోహీర్ నుంచి వాళ్లన్నను పిలువు నాయినా. గా కార్యం చేసుకోమను” అంది. చేశారు. ఆ తర్వాత సరంగు బీడు మీద ఎక్కడా ఆగలేదు. నా రాళ్ల మీద కాలెత్తి, తన దారిన తాను పోయింది.

అక్క తర్వాత టీచరు ట్రైనింగ్ చేసి ఝరాసంగం బడిలో చేరింది. ఎనభైలలో సరంగు ముసలిదై చచ్చిపోయింది. మా చెరుకు చేను గట్టున పూడ్చి వస్తుంటే దారిలో అక్క తనంతట తానే నోరు విప్పింది.

“గా దినం బీడు మీద నడుములోతు నీళ్లల్ల నిలవడ్డడు తమ్మీ. నా దిక్కు చూడనే లేదు. సరంగునే పిలిచిండు. నన్ను పిలిస్తే నేనొస్తనని ఆయనకు ఎరుకే. అందుకే పిలువలే.”

ఆ నమ్మకం మీదే అక్క నిలదొక్కుకుంది. ఉద్యోగం చేసింది, మా పిల్లల్ని చదివించింది, నవ్వుతూ బతికింది. ఆ నీళ్లెక్కడివో, ఈల ఎవరిదో నేను ఎంత ఆలోచించినా తేలలేదు. తేలకపోయినా బాధ లేదు.

ఒక్కటి మాత్రం ఇంతవరకు అక్కకు చెప్పలేదు. ఆ రోజు నేను అక్క కుడిచెయ్యి పట్టి లాగినప్పుడు, ఆమె ఎడమచెయ్యి కిందికి వేలాడుతూ లేదు. ఎదురుగా చాచి, బిగుసుకుని ఉంది. అటునుంచి కూడా ఎవరో గట్టిగా లాగారు.